సూదిపోట్ల కాగితం

జ్వరంలో ఉన్న లూల్వా ఒక్క మాట అంది. "దీనా నా ఎముకలు చేస్తోంది."

దీనమ్మ సూపు గిన్నెతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట విని నవ్వింది. ఇద్దరూ దాచుకున్న సంగతి పిల్ల నోరుజారి బయటపెట్టేసిందే అనుకుంది. అలా నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం. కువైట్‌లో, ఎగైలాలోని ఆ ఇంట్లో భోజనాలు అప్పుడే అయ్యాయి. ఎనిమిదేళ్ళ కూతురి నుదుటి మీద తడిబట్ట మారుస్తున్న ఇంటావిడ చెయ్యి ఆగింది. దీనమ్మ ఆమెని మామా అని పిలుస్తుంది. మామా దీనమ్మ ముఖంలోని నవ్వు చూసింది. మళ్ళీ కూతురి వైపు తిరిగి ఏమన్నావని అడిగింది.

పిల్ల కళ్ళు తెరవలేదు. "అన్నీ అయ్యాయి. చెయ్యి ఒక్కటే ఉంది," అంది.

మూడు రోజులుగా పిల్లకి ఒళ్ళు నొప్పులు. మోకాళ్ళు, మోచేతులు ముట్టుకోనివ్వడం లేదు. వైరల్ జ్వరమని డాక్టరు చెప్పాడు. మామా లేచి, దీనమ్మని తోసుకుంటూ మెట్లు దిగి, వంటింటి వెనక ఉన్న పనిమనిషి గదిలోకి వెళ్ళింది.

మంచం కింద బిస్కెట్ డబ్బా దొరికింది. తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టి మూత తీసింది. లోపల నూనె. నూనెలో అరచెయ్యంత చెక్క. ఆ చెక్కకి అడ్డంగా బిగించి చుట్టిన దారం. డబ్బా అడుగున ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో మడతపెట్టిన కాగితం, ఒక సూది, నల్లటి పొడి కట్టిన గుడ్డమూట, లూల్వా ఎర్ర రిబ్బను. మామా కాగితం విప్పింది. గౌను తొడుక్కున్న ఎముకల పిల్ల. జుట్టుకి రిబ్బను. ఒంటి నిండా సూదిపోట్లు, వందల కొద్దీ.

రిబ్బనుకి పిల్ల వెంట్రుకలు రెండు అంటుకుని ఉన్నాయి. మామా దాన్ని చేత్తో ముట్టుకోలేదు. చెంచాతో పక్కకి జరిపింది.

"సిహ్ర్," అంది.

చేతబడి. దీనమ్మకి ఆ మాట తెలుసు. పదకొండేళ్ళ కిందట సాల్మియాలో ఆమె మొదట పనిచేసిన బిల్డింగులో ఒకామె దిండులో తాయెత్తు దొరికింది. ఆమెని ఆ సాయంత్రమే తీసుకెళ్ళారు. ఏమైందో చెప్పడానికి ఆమె మళ్ళీ ఎవరికీ ఫోన్ చెయ్యలేదు.

మామా తన అన్నకి ఫోన్ చేసింది. ఖాలిద్ పోలీసు ఆఫీసరు. ఇల్లు జహ్రాలో. సాయంత్రం అసర్ నమాజు చదువుకుని బయల్దేరతానన్నాడు. ఇంటాయన ఊళ్ళో లేడు.

"చీకటి పడేలోపు వస్తాడు," అంది మామా. "నీతో మాట్లాడేది ఇక అతనే."

దీనమ్మకి చేతబడి రాదు. ఆమెకి వచ్చింది అచ్చులు చెక్కడం.

పెడనలో బట్టల మీద అద్దకానికి వాడే టేకు అచ్చుల్ని ఆమె తండ్రి పాల్‌రాజు చెక్కేవాడు. కూతురికి తొమ్మిదో ఏట సూది ఇచ్చాడు. బొమ్మ గీసిన కాగితం మీద గీత వెంట కన్నాలు పొడవాలి. దాన్ని చెక్క మీద పరిచి బొగ్గుపొడి మూటతో తడితే, పొడి కన్నాల్లోంచి దిగి చుక్కల గీత పడుతుంది. ఉలి ఆ చుక్కల వెంట నడుస్తుంది. పధ్నాలుగో ఏట ఉలి కూడా ఇచ్చాడు. ఆడపిల్లకి ఉలేంటయ్యా అని షెడ్డులో మగాళ్ళు నవ్వారు. "దాని చెయ్యి ఒణకదు. మీలో పొద్దున్నే చెయ్యి ఒణకనోడు ఎవడో ముందుకి రండి," అన్నాడు పాల్‌రాజు. ఎవరూ రాలేదు.

పెళ్ళయ్యాక కూడా ఆమె చెక్కింది. తీగలు, హంసలు, మామిడి పిందెలు. తర్వాత స్క్రీన్ ప్రింటింగు వచ్చింది. అచ్చులు అడిగేవాళ్ళు ఏడాదికేడాది తగ్గారు. తండ్రి పోయిన ఏడే షెడ్డు మూతపడింది. కువైట్‌కి వచ్చేటప్పుడు మూడు ఉలులు చీరల మధ్య చుట్టి పెట్టెలో పెట్టుకుంది. పదకొండేళ్ళలో వాటిని ఒక్కసారీ బయటికి తీయలేదు.

తీయించింది ఒక బొమ్మల పుస్తకం.

బడిలో లూల్వాకి చదవమని ఇచ్చారు. మెక్సికో అనే దేశంలో పూర్వం అచ్చులు చెక్కి బొమ్మలు వేసిన ఒకాయన కథ. లూల్వా ఇంగ్లీషులో చదివి అరబ్బీలో చెబుతుంటే దీనమ్మ కింద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ఆయన చేసిన బొమ్మలన్నీ ఎముకల మనుషులే. టోపీ పెట్టిన దొరసాని ఎముకలే, సైకిలు తొక్కేవాడు ఎముకలే, గిటారు వాయించేవాడూ ఎముకలే. అందరూ నవ్వుతూనే ఉన్నారు. ఒక పేజీలో ఆయన బల్ల మీదికి వంగి ఉన్నాడు. ఉలి పిడి అరచేతి గుంటలో. బొటనవేలు ముందుకి.

దీనమ్మ చేతిలో బట్ట ఆగిపోయింది. "ఈయన మా నాన్న పట్టినట్టే పట్టుకున్నాడు," అంది.

"నీకు వచ్చా?"

"వచ్చు."

"అబద్ధం."

"అబద్ధమైతే ఇక మీదట నీ ప్లేట్లో బెండకాయలన్నీ నేనే తింటాను."

"అయితే అబద్ధమే కావాలి," అని నవ్వింది లూల్వా. తర్వాత దగ్గరికి జరిగింది. "నన్ను చెయ్. ఇలాగే, ఎముకలతో. మామాకి చెప్పకు. అయ్యాక చూపిద్దాం."

దీనమ్మ చెప్పలేదు. డ్రైవర్ జిలానీ బాషాని అడిగితే ఖైతాన్‌లో వడ్రంగి షాపు నుంచి పాత టేకు ముక్క తెచ్చిచ్చాడు. మధ్యాహ్నాలు పిల్ల బడిలో ఉన్నప్పుడు కాస్త కాస్త చెక్కింది. పెడనలో చెక్కడం అంతా అయ్యాక అచ్చుని నూనెలో వేస్తారు. ఇక్కడ ఏసీ గాలికి చెక్క ఎండి బీటలు వారుతుందని, మధ్యలోనే దారం బిగించి నూనెలో వేసింది. రిబ్బను ముడి ఎలా పడుతుందో చూసి చెక్కడానికి రిబ్బను దగ్గర పెట్టుకుంది.

పెడనలో ఎవరు చూసినా, ఏం అచ్చు చెక్కుతున్నావమ్మా అని అడిగేవారు. ఇక్కడ చూసింది తల్లి. ఆమె బిడ్డ పైన మూలుగుతోంది.

ఇదంతా చెప్పాలని దీనమ్మ ప్రయత్నించింది. ఆమెకి వచ్చిన అరబ్బీ అన్నానికి, ఇస్త్రీకి, పిల్ల స్నానానికి సరిపోతుంది. బొగ్గుపొడి కన్నాల్లోంచి ఎలా దిగుతుందో చెప్పడానికి సరిపోదు. చేతులతో చూపించబోతే సూది పొడుస్తున్నట్టే ఉంది. మామా ఒక అడుగు వెనక్కి వేసింది.

"పాపని అడగండి మామా. పుస్తకంలో ఉంది."

"పుస్తకం ఏది?"

పుస్తకం మంగళవారమే బడికి తిరిగి వెళ్ళిపోయింది.

"పిల్ల మాట ఇప్పుడు పిల్లది కాదు," అంది మామా. "నా బిడ్డకి అన్నం కలిపిన చెయ్యి నీది. తినిపించిన చెయ్యి నీది. ఏం చేశాను నీకు నేను?"

దీనమ్మ చాచిన చేతులు కిందికి దించింది.

అప్పుడు పెద్ద మామా వచ్చింది. ఇంటాయన తల్లి. డెబ్బై దాటాయి. రోజంతా జపమాలతో కూర్చుంటుంది. ఇంట్లో ఆమె గొంతు వినపడేది తక్కువ. కోడలు చెప్పినదంతా విని, కాగితం అందుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుగుకి ఎత్తిపట్టింది. కన్నాల్లోంచి ఎండ ఆమె ముఖం మీద చుక్కలుగా పడింది. చాలాసేపు చూసింది.

"గుండె మీద లేదు," అంది. "కళ్ళలోనూ లేదు. అంచు వెంటే పోయింది సూది."

"అయితే?"

"నా పెళ్ళి గౌనుకి, తోబుకి, జరీ కుట్టినామె కాగితం ఇలాగే పొడిచేది. ఇదీ అదీ ఒకటని నేననడం లేదు. ఆమె ఎవరి రిబ్బనూ దాచుకోలేదు." దీనమ్మ వైపు తిరిగింది. "ఇది ఏమవుతుంది?"

"బొమ్మ అవుతుంది పెద్ద మామా. కాగితం మీద వస్తుంది."

"ఎంతసేపు పడుతుంది?"

దీనమ్మ నూనెలోని చెక్క వైపు చూసింది. చెయ్యి ఒక్కటే మిగిలింది. మోచేయి నుంచి మణికట్టు దాకా గోటి మందాన గీత. అన్నిటికంటే సన్నని పని.

"రెండు గంటలు."

"ఖాలిద్ వచ్చేదాకా చెయ్యి. నా ముందు. ఏమవుతుందో చూస్తాను."

ఆ పిచ్చిదాని చేతికి ఇనుము ఇస్తారా అని మామా అరిచింది. పెద్ద మామా కుర్చీ లాగించుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

దీనమ్మ ఉలులు తెచ్చుకోవడానికి గదిలోకి వెళ్ళినప్పుడు కిటికీ మీద ఎవరో తట్టారు. జిలానీ బాషా. రాయచోటి మనిషి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటి కారు నడుపుతున్నాడు. గేటు తాళం వేసి తన దగ్గరే పెట్టుకోమని మామా అతనికి చెప్పింది.

"దీనక్కా, ఏంది ఈ పని? ఎముకల బొమ్మ గీసేదానికి ఈ ఇల్లే దొరికిందా నీకు? ఒక పువ్వు గీసుంటే ఏం పోయె?"

"పాప పువ్వు అడగలేదు బాషా."

"పాప సింహం అడిగితే సింహం తెస్తావా?" గొంతు తగ్గించాడు. "ఇను. తాళం నా చేతిలో ఉండాది. వెనక గేటు తీస్తా. బస్సెక్కి ఎంబసీకి పో. నేను నమాజుకి పోయినానంటా, చూల్లేదంటా."

దీనమ్మ ఉలి కొస వేలితో చూసుకుంది. తుప్పు లేదు.

"పోతే చేసినట్టే గదా."

"ఉంటే?"

"ఉంటే చెయ్యనట్టు చూపించొచ్చు."

"చూపిచ్చలేకపోతే?"

ఆమె మిగతా రెండు ఉలులూ తీసుకుంది. బాషా కిటికీ చువ్వ వదిలేశాడు. "నీ తలకాయ కూడా టేకే," అని గొణిగి వెళ్ళిపోయాడు.

వంటింటి నేల మీద గోనెపట్టా పరుచుకుని కూర్చుంది. దారం విప్పి, నూనె తుడిచి, చెక్కని రెండు పాదాల మధ్య ఇరికించింది. తండ్రి అలాగే కూర్చునేవాడు. మాంసం కొట్టే చెక్క సుత్తి చేతికి తీసుకుంది. మొదటి దెబ్బకి మామా ఉలిక్కిపడింది. తర్వాత ఆ చప్పుడు నిలకడగా సాగింది. టక్, టక్. మసీదులో అసర్ అజాన్ మొదలైంది. ఖాలిద్ నమాజు చదువుకుని కారు ఎక్కుతాడు.

ఆమె తొందరపడలేదు. తొందరపడ్డ ఉలి పొర వెంట జారిపోతుంది. ఎముకకి అటుపక్క చెక్క తవ్వింది. ఇటుపక్క తవ్వింది. మధ్యలో సన్నని గట్టు నిలిచింది. పెద్ద మామా జపమాల తిప్పడం ఆపి, ఆమె బొటనవేలు వైపే చూస్తోంది. మామా పైకి వెళ్తోంది, దిగుతోంది. జ్వరం నూట రెండు. ఇంకోసారి దిగినప్పుడు నూట మూడు.

"నువ్వు కొడుతున్న కొద్దీ పెరుగుతోంది," అంది.

దీనమ్మ సుత్తి ఆపింది. ఆపితే తగ్గుతుందని ఒప్పుకున్నట్టు అవుతుంది. కొడితే పెంచుతున్నట్టు అవుతుంది. పెద్ద మామా ముఖం చూసింది. ఆ ముఖంలో ఏమీ లేదు. మళ్ళీ కొట్టింది.

మణికట్టు దగ్గరికి వచ్చేసరికి చెక్క చిన్నగా చిట్లింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు. మోచేయి నుంచి అక్కడిదాకా గట్టు ఊడి గోనెపట్టా మీద పడింది.

పాల్‌రాజు అచ్చు విరిగిందనేవాడు కాదు. చెక్క కొరికింది అనేవాడు. అని, ఇత్తడి రేకు ముక్క వెతుక్కునేవాడు. ఊడిన గీత ఉన్నచోట రేకుని నిలబెట్టి దిగ్గొడితే గీత మళ్ళీ లేస్తుంది. పెడన అచ్చుల్లో అలాంటి రేకులు చాలా ఉంటాయి. ఇక్కడ రేకు లేదు. ఎముక విరిగిన చేత్తో బొమ్మ పడితే, దాన్ని పోలీసు చూస్తే, ఆ తర్వాత చెప్పడానికి ఏమీ ఉండదు. చేత్తో కప్పేయవచ్చు. కాలేదు, సమయం చాలలేదు అనవచ్చు.

"విరిగింది పెద్ద మామా," అంది.

"ఏది?"

"చెయ్యి."

మామా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"బాగవుతుందా?" అంది పెద్ద మామా.

"అవుతుంది. గట్టి పిన్ను ఒకటి కావాలి. దాన్ని వంచి రెండు కొసలూ లోపలికి కొట్టాలి."

"ఎక్కడ?"

దీనమ్మ బొమ్మ మీద మోచేయి చూపించింది. మణికట్టు చూపించింది.

"నా బిడ్డ చేతిలో మేకులు కొడుతుందట!" మామా వచ్చి పెద్ద మామా భుజం పట్టుకుని ఊపింది. "ఇంకేం చూడాలి మీరు? ఆపండి. ఖలాస్. ఆపండి!"

పెద్ద మామా కాగితం మళ్ళీ చూసింది. పిల్ల బొమ్మ చూసింది. నేల మీద కూర్చున్న మనిషి చేతులు చూసింది. అవి ఒణకడం లేదు. తర్వాత గడ్డం కిందికి చెయ్యి పోనిచ్చి, తన తల ముసుగుకి పెట్టుకున్న పిన్ను తీసింది. ముసుగు జారి తెల్లటి పాయ ఒకటి బయటపడింది. దాన్ని సర్దుకోలేదు.

"మనవరాలు నాది," అంది. "పాపమైతే అది కూడా నాదే. కొట్టు."

దీనమ్మ పిన్నుని రాతి గట్టు మీద పెట్టి వంచింది. బాషా కారులోంచి తెచ్చిచ్చిన కటింగ్ ప్లయరుతో పొడుగు కత్తిరించింది. ఒక కొస మోచేయి దగ్గర ఆనించి మూడు దెబ్బలు కొట్టింది. రెండో కొస మణికట్టు దగ్గర. ప్రతి దెబ్బకీ మామా ఏదో చదువుతోంది, పెదవులు మాత్రమే కదులుతున్నాయి. చివరి దెబ్బ పడేసరికి గేటు బయట కారు హారన్ మోగింది.

ఖాలిద్ యూనిఫారంలో రాలేదు. పాదాల దాకా ఉండే తెల్ల దిష్‌దాషాలో వచ్చాడు. గుమ్మంలో నిలబడి గట్టు మీద ఉన్నవన్నీ చూశాడు. రిబ్బను, సూది, కాగితం. మామా చెప్పింది. అతను వింటూనే ఫోన్ తీసి కాగితాన్ని ఫోటో తీశాడు.

"లే," అన్నాడు దీనమ్మతో. "నీ ఇఖామా కార్డు ఎక్కడుంది?" ఆ దేశంలో ఉండనిచ్చేది ఆ కార్డే.

"అయిపోవచ్చింది," అంది పెద్ద మామా. "కూర్చో."

"ఏం అయిపోవచ్చింది?"

"నాకూ తెలియదు. అందుకే కూర్చోమంటున్నాను."

అతను కూర్చోలేదు. వెళ్ళిపోనూలేదు.

దీనమ్మ గిన్నెలు తుడిచే స్పాంజిని తడిపి పళ్ళెంలో పెట్టింది. లూల్వా బడి రంగుల్లోంచి నల్లరంగు దాని మీద పోసి పరిచింది. అచ్చుని స్పాంజి మీద రెండుసార్లు అద్దింది. తెల్ల కాగితం మీద పెట్టి గుప్పిటతో ఒక్క దెబ్బ వేసింది. ఎత్తింది.

ముఖం రాలేదు. గౌను సగం వచ్చింది. చెక్కలోని నూనె రంగుని పట్టనివ్వలేదు. ముఖం ఉండాల్సినచోట తెల్లటి ఖాళీ.

"ముఖం లేదు," అంది మామా. గొంతులో ఏడుపు కూడా లేదు.

ఖాలిద్ చెయ్యి చాపాడు. "ఖలాస్. యల్లా, పద."

"మొదటిది చెత్తకే బాబా," అంది దీనమ్మ. కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. మొదటిసారి ఆమె గొంతు పైకి లేచింది. "మా నాన్నది కూడా మొదటిది చెత్తకే. నూనె పోవాలి. మూడు వెయ్యనివ్వండి. మూడు."

పెద్ద మామా ఒక వేలు ఎత్తింది. ఖాలిద్ ఆగాడు.

రెండోదానికి కళ్ళు వచ్చాయి. చెయ్యి వచ్చింది, సన్నగా, నిటారుగా, విరగకుండా. నోటి దగ్గర మసక. దీనమ్మ అచ్చు ముఖాన్ని పొడిగుడ్డతో తుడిచింది. మళ్ళీ రంగు పట్టించింది. అమ్మాయి ఎక్కడ నవ్వుతుందో అక్కడ బొటనవేలితో కొంచెం ఎక్కువ అద్దింది. పెట్టి, కొట్టింది. ఈసారి వెంటనే ఎత్తలేదు. ఊపిరి ఒకటి వదిలి ఎత్తింది.

ఎముకల పిల్ల. చేతులు రెండూ చాచి పరుగెత్తుతోంది. రిబ్బను గాలికి ఎగురుతోంది. నోరంతా తెరిచి నవ్వుతోంది. పైవరసలో ముందు పన్ను ఒకటి లేదు.

మామా వంగింది. ఇంకా వంగింది. తడి ఆరని బొమ్మకి దగ్గరగా ముఖం పెట్టింది. ఆ పన్ను పోయిన నెల ఊడింది. అది ఊడిన రోజు లూల్వా దాన్ని పిడికిట్లో పట్టుకుని హాలంతా ఇలాగే చేతులు చాచి పరుగెత్తింది.

"ఇది నా కూతురు," అంది మామా. అడిగినట్టు అంది.

"పాపే మామా."

"ఎముకలు ఎందుకు?" అన్నాడు ఖాలిద్.

"పాప అడిగింది బాబా. పుస్తకంలో అందరూ అలాగే ఉన్నారు. నవ్వుతూ ఉన్నారు."

అతను ఫోన్లో ఏదో వెతికాడు. మెక్సికో, ఎముకలు, అచ్చు. కాసేపు వేలితో పైకి తోస్తూ చూశాడు. ఫోన్ తిప్పి చెల్లెలికి చూపించాడు. టోపీ పెట్టిన ఎముకల దొరసాని తెరమీద నవ్వుతోంది. మామా చూసి తల తిప్పుకుంది. ఖాలిద్ తను తీసిన ఫోటో చూసుకున్నాడు. దాన్ని తీసేశాడో, ఉంచాడో దీనమ్మకి కనిపించలేదు.

"మీ ఇల్లు," అన్నాడు చెల్లెలితో. "మీరే చెప్పాలి."

మామా సింకు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. వేళ్ళకి రంగు అంటలేదు, అయినా కడుక్కుంది. తుడుచుకుంది. దీనమ్మ నేల మీదే కూర్చుని ఆమె వీపు వైపు చూస్తోంది. బయట పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ మొదలైంది.

"ఖాలిద్ ఇంత దూరం నుంచి వచ్చాడు," అంది మామా అటువైపు తిరిగే. "టీ పెట్టు."

దీనమ్మ లేవబోయింది. కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేదు. గట్టు పట్టుకుని లేచింది. కెటిల్ అందుకుంది.

"ఎన్ని కప్పులు మామా?"

మామా వంటిల్లు అంతా చూసింది. అన్నని, అత్తగారిని, గుమ్మం అవతల తాళంతో నిలబడ్డ బాషాని.

"ఐదు," అంది.

మామాని కలుపుకున్నా నలుగురే. దీనమ్మ ఇంకోసారి లెక్కపెట్టుకుంది. కుళాయి తిప్పి ఐదు కప్పుల నీళ్ళు పట్టింది.